సిమెంటు కానుక

మా చర్చిలో వేదిక వెనక గోడకు సిమెంటు పూయించింది స్త్రీల సమాజం. పూయించమని సమాజాన్ని నడిపించింది నేను. ఈ రెండో సంగతిని చాలా ఏళ్ళు సంతోషంగా చెప్పుకున్నాను.

మాది కోట అనే చిన్న పట్నానికి తూర్పున, సముద్రపు గాలి తగిలే ఊరు. చర్చి దొరల కాలంనాటిది. మా తాత అందులో ఉపదేశిగా పనిచేశాడు. నేను అందులోనే బాప్తిస్మం తీసుకున్నాను, అందులోనే పెళ్ళి చేసుకున్నాను, నా భర్తను అక్కడి నుంచే సమాధి దొడ్డికి సాగనంపాను. ఊళ్ళో బడిపంతులమ్మగా ఉన్న ముప్పై ఏళ్ళూ ఆదివారం బడి కూడా నా చేతిలోనే ఉండేది. చర్చి గోడలు నల్లరాయితో కట్టినవి కావు. ఉలికి సులువుగా లొంగే ఎర్రటి మెత్తరాయి. రాళ్ళ మధ్య సున్నం, రాళ్ళ మీదా సున్నమే. ఏటా వానలు వెనకబట్టాక ఎవరో ఒకరు సున్నం కొట్టేవాళ్ళు. ఆ పని తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయాక గోడ పొడి రాలడం మొదలైంది. ప్రసంగం చేస్తున్న పాస్టరు గారి నల్లకోటు భుజాల మీద తెల్లగా పడేది. వెనక బెంచీల్లో పిల్లలు నవ్వేవాళ్ళు.

పన్నెండేళ్ళ కిందట ఒక కూటంలో నేను లేచి, దేవుని మందిరం రాలిపోతుంటే మనం ఇళ్ళకు టైల్స్ వేసుకుని కూర్చున్నామని అన్నాను. ఆ నెలలోనే మా ఇంట్లో టైల్స్ వేయించుకున్నాను. కాబట్టి ఆ మాట అందరికంటే నాకే ఎక్కువ తగిలింది, నేనే ఎక్కువ ఉత్సాహంగా పనికి దిగాను.

మా సంఘాల్లో పిడికెడు బియ్యమని ఒక పద్ధతి ఉంది. అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఆడవాళ్ళు కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి చర్చి గుమ్మంలో ఉన్న గంపలో పోస్తారు. ఆ బియ్యం అమ్మగా వచ్చినది దేవుని పనికి. రెండేళ్ళు ఆ గంప నేనే పట్టుకున్నాను. చర్చి వెనక వీధిలో ఒక్కతే ఉండే ముసలావిడ ఉంది, ఊరంతా ఆమెను పెద్దక్క అంటుంది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, చదువు రాదు. నాట్లకూ కోతలకూ పోయి బతికింది. పని దొరకని నెలల్లో రోజుకు ఒక్క పూటే పొయ్యి వెలిగించేది, ఆ పూట కూడా పిడికెడు తీసేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి, దాన్ని కూటాల్లో అందరికీ సాక్ష్యంగా చెప్పేదాన్ని.

అలా వచ్చినదానితో గోడకు సిమెంటు పూయించాం. అద్దంలా నునుపుగా వచ్చింది. దాని మీద ఆకాశం రంగు ఆయిల్ పెయింటు, దాని మీద ఎర్ర అక్షరాలతో ఒక వచనం. ప్రతిష్ఠ ప్రార్థన నన్నే చేయమన్నారు. అప్పుడు నేను ఇలా ప్రార్థించాను:

"ప్రభువా, నీ దాసురాళ్ళు నోటి దగ్గరి కూడు తీసి నీకిచ్చిన ఈ పూత మీద ఎన్నటికీ ఏ మనిషి చెయ్యీ పడనియ్యకు."

సంఘమంతా ఆమేన్ అంది. మంచి ప్రార్థన అని చాలామంది మెచ్చుకున్నారు.

మూడేళ్ళు గోడ బాగుంది. నాలుగో ఏడు వానలకు, మోకాలెత్తున, రంగు పొక్కులు లేచింది. పొక్కు గిల్లితే లోపల ఉప్పులాంటి పొడి. మళ్ళీ రంగు వేయించాం. మళ్ళీ లేచింది. చుట్టూ రొయ్యల గుంటలు వచ్చి నేలలో ఉప్పునీరు పైకొచ్చిందని కొందరు, పెయింటు నాసిరకమని కొందరు అన్నారు. ఎవరి మాటలో ఎంత నిజముందో గాని, పూతను మాత్రం ఎవరూ అనుమానించలేదు.

రెండేళ్ళ కిందట జనవరిలో, ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటూ మేం మోకాళ్ళ మీద ఉండగా, వేదిక వెనక నుంచి తలుపంత పెచ్చు ఊడి కిందపడింది. ఎవరికీ తగల్లేదు. పాస్టరు గారు గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పెచ్చు ఊడినచోట రాయి నానిన రొట్టెలాగా కనిపించింది.

ఆ వారమే సంఘ పెద్దలు కూర్చున్నారు. సమాజం కార్యదర్శిని కాబట్టి నన్నూ పిలిచారు. పెద్దల్లో ఒకాయనకు రొయ్యల గుంటలున్నాయి, మాట చెల్లే మనిషి, చర్చి కోసం చెయ్యి వెనక్కి తీయడు. పాతది పడగొట్టి స్లాబు చర్చి కట్టుకుందామని ఆయన చాలాకాలంగా అంటున్నాడు.

"టీచరమ్మా, నీకు తెలియందా? గోడలో పొడ పుడితే ఆ ఇంటిని రాళ్ళతో సహా పడగొట్టమనే ఉండాది గదా ధర్మశాస్త్రంలో," అన్నాడు.

ఉంది. బైబిల్లో ఇంటి గోడకు పట్టే కుష్ఠు గురించి ఒక అధ్యాయమే ఉంది. అయితే అది మొత్తం చదివించమని అడిగాను. పాస్టరు గారు చదివారు. గోడలో పొడ కనబడితే ముందు యాజకుడు వచ్చి చూడాలి. ఇల్లు ఏడు రోజులు మూసి ఉంచాలి. పొడ ముదిరితే ఆ రాళ్ళు ఊడదీసి ఊరి బయట పారేయాలి, గోడంతా గీకాలి, వేరే రాళ్ళు పెట్టి వేరే అడుసు పూయాలి. ఇంత చేసినా మళ్ళీ పుడితే, అప్పుడు పడగొట్టాలి. మనం రాయి తీయలేదు, గోడ గీకలేదు, పొడ మీదే పూసి రంగు వేశాం, ఆ అధ్యాయంలో మొదటి పని కూడా మనం చేయలేదు అన్నాను. అనడం అయ్యాక, పొడ మీద పూయించింది ఎవరో గుర్తొచ్చింది.

పాస్టరు గారు చిన్నవాడు, వయసుకు మించిన నిదానం ఉన్నవాడు. చదివింది చదివినట్టే చేద్దామన్నారు. చర్చికి ఏడు రోజులు తాళం పెట్టి, ఆ ఆదివారం ఆరాధన బడి వరండాలో జరిపారు. ఎనిమిదో రోజు, గూడూరు వైపు ఎక్కడో పాత మండపం బాగుచేస్తున్న మేస్త్రిని వెతికి తీసుకొచ్చారు. అరవై దాటిన మనిషి, సున్నం పని తప్ప ఇంకోటి చేయడట. చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికొచ్చి, తాపీ పిడితో గోడంతా తట్టుకుంటూ పోయాడు. ఒక్కోచోట ఆగి చెవి ఆనించేవాడు.

"అయ్యా, గోడకి జబ్బు లేదు. దానికి కప్పిన గుడ్డకి జబ్బు," అన్నాడు. "రాయి నీళ్ళు తాగద్ది. తాగిన నీళ్ళు సున్నంలోనించి గాలికి పోతాయి. సిమెంటు కప్పి, దానిమీద పెయింటు కొడితే యాడికి పోతాయి? ఆ ఉప్పునీళ్ళు ఆడే ఉండి రాతిని తింటాయి."

సిమెంటు మొత్తం తీసేస్తే పని చేస్తాననీ, సగం తీసి సగం ఉంచమంటే ముట్టననీ చెప్పాడు. గుంటలున్న పెద్ద కూడా దానికి తల ఊపాడు. కాని అది స్త్రీల కానుక, ప్రతిష్ఠ జరిగిన కానుక. ఇచ్చినవాళ్ళు ఒప్పుకోకుండా ముట్టడం తప్పని పెద్దలందరూ అన్నారు. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారంలోపు స్త్రీల సమాజం ఒప్పుకుంటే సున్నం పని. లేకపోతే పాత చర్చి పడగొట్టి స్లాబు వేయడానికి సంఘం చేతులెత్తి ఓటు వేస్తుంది. అలా నిర్ణయమైంది. ఆ చర్చి నిలవడం నా సమాజం ఒప్పుకోవడం మీద పడింది. నాకు అది కష్టమైన పనిగా అనిపించలేదు.

బుధవారం కూటానికి ముప్పై మంది దాకా వచ్చారు. మేస్త్రి చెప్పినదీ, అధ్యాయంలో ఉన్నదీ వివరించాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. కిటికీ పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దక్క అడిగింది.

"గీకి, దాన్నేం జేస్తారు?"

ఊరి బయట పారేయాలని ఉంది అన్నాను.

"దేవుడికిచ్చిందాన్నా?"

ముందు వరసలో ఒకామె, దేవుడికి పెచ్చులు ఏరుకునే పనుందా అక్కా అంది. కొందరు నవ్వారు.

"నీ పిడికిలి ఎంతుండాదో నేను చూసినాలే. నువ్వు మాట్లాడబాక," అంది పెద్దక్క. తరవాత నా వైపు తిరిగింది. "నువ్వు చేసిన ప్రార్థన నాకు గుర్తుండాది టీచరమ్మా. ఏ మనిషి చెయ్యీ పడనియ్యకు అన్నావు. నేనూ ఆమేన్ అన్నా. ఇప్పుడు నువ్వే సుత్తి తెస్తుండావు."

ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. కూటం ఏమీ తేలకుండా ముగిసింది. తరవాతి రెండు బుధవారాలూ అంతే. పెద్దక్క కాదంటే ఆ గదిలో అవుననే మనిషి లేదు. అది ఆమె మీద భయం కాదు. ఆమె ఇచ్చినంత తామెవరూ ఇవ్వలేదని అందరికీ తెలుసు. ఆ సంగతిని రెండేళ్ళపాటు వాళ్ళకు నూరిపోసింది నేనే.

నేను నమ్మే మనిషిని. మొక్కుబడి అంటే నాకు మాటవరసకు అనేది కాదు. ఆడపిల్ల తొందరపడి మొక్కుకుంటే తండ్రి దాన్ని రద్దు చేయవచ్చు, భార్య మొక్కుకుంటే భర్త రద్దు చేయవచ్చు, విధవ మొక్కుకున్నది మాత్రం నిలుస్తుందని ధర్మశాస్త్రం. ఆ ప్రార్థన చేసేనాటికి నా భర్త పోయి ఏడాది. పెద్దక్క భర్త పోయి నలభై ఏళ్ళు. ఆమె ఇది చదివి ఉండదు, కాని ఆమె అన్నది సరిగ్గా ఇదే. మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించాను. జవాబు దొరికిందని చెప్పను. ఆకలి మాత్రం వేసింది, ఆ ఆకలిలో పెద్దక్క ఒంటిపూట పొయ్యి చాలాసార్లు గుర్తొచ్చింది.

మట్టల ఆదివారానికి ఎనిమిది రోజుల ముందు, శనివారం పొద్దున, మేస్త్రి మళ్ళీ వచ్చాడు. రాళ్ళు ఎన్ని మార్చాలో అంచనా వేసుకోవడానికి. పెచ్చు దానంతటదే ఊడినచోట చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. శనివారాలు చర్చి ఊడ్చేది పెద్దక్కే. చీపురు పట్టుకుని వచ్చి, ఊడ్వకుండా, బెంచీ మీద కూర్చుని అతన్ని చూస్తూ ఉంది. పూత మీద దెబ్బ పడుతుందేమోనని కాపలా కాస్తున్నదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

అతను రాళ్ళ సందులోంచి పాత సున్నం ముక్క ఒకటి వేలితో తీసి, తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"గానుగ సున్నం," అంది. "కరక్కాయ పడింది దీంట్లో."

మేస్త్రి నవ్వాడు. ఎట్ట తెలుసవ్వా అని అడిగాడు.

"ఎద్దు వెనక నడిచినదాన్నిరా నాయనా."

అప్పుడు చెప్పింది. పెళ్ళికి ముందు, పదిహేనేళ్ళ వయసులో, ఆమెది సున్నపు గానుగ దగ్గర కూలిపని. గుండ్రంగా తవ్విన కాలువలో సున్నం, ఇసక పోసి, ఎద్దు చేత రాతిచక్రం లాగించి మెత్తగా నూరేవాళ్ళు. ఆ చక్రం వెనకే తిరుగుతూ బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసేది ఈమె. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి పాదాలు పగిలి మండేవట. ముప్పై ఏళ్ళు ఆమె పక్కన కూర్చుని పాటలు పాడాను, ఈ సంగతి నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. ఊడినచోట రెండు వేళ్ళు పెట్టి నొక్కింది. రాయి తడి ఇసకలా వేళ్ళతో వచ్చేసింది. ఆ వేళ్ళను చీరకు తుడుచుకుని, ఇంకోచోట నొక్కింది. అక్కడా వచ్చింది.

"సిమెంటు పూసేనాడు నీకు ఇది తెలుసా అక్కా?" అని అడిగాను.

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

"నువ్వు చదువుకున్నదానివి. గంప పట్టుకుని దేవుడు అడుగుతుండాడు అన్నావు. దేవుడు అడుగుతుంటే నేను సున్నం గురించి చెప్పేదా?"

మేస్త్రి మా ఇద్దరి మధ్య నుంచి తప్పుకుని, టేపు తీసి కిటికీ కొలవడం మొదలుపెట్టాడు. ఆ కిటికీకి కొలవాల్సిందేమీ లేదు.

కాసేపటికి పెద్దక్క చీపురు తీసుకుంది. రెండు బెంచీల కింద ఊడ్చాక, నా వైపు చూడకుండానే చెప్పింది. "సుత్తి పడకముందు నువ్వు ఆడే నిలబడి ఆ ప్రార్థన వెనక్కి తీసుకో. అందరూ ఉన్నప్పుడు. అప్పుడు ఒప్పుకుంటా."

పాస్టరు గారితో చెప్పాను. సంఘ కాపరిగా తానే ఆ ప్రార్థన చేస్తే సరిపోతుందేమో, మీరు ఇబ్బందిపడటం ఎందుకన్నారు. నాకు ఆశ కలిగింది. సాయంత్రం పెద్దక్క ఇంటికి వెళ్ళి అడిగాను. ఆమె గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కట్టినోళ్ళే విప్పాల అని ఒక్క మాట అని, మళ్ళీ చింతపండులోకి తల దించింది.

బయటివాళ్ళకు ఇది చిన్న విషయంగా కనబడవచ్చు. ఆ చర్చిలో కూర్చునే సగం మంది నా దగ్గర ఆదివారం బడిలో వచనాలు అప్పజెప్పినవాళ్ళే. తప్పు చెప్పినప్పుడల్లా బెంచీ మీద నిలబెట్టాను. వాళ్ళ ముందు నేను దేవునికి చేసిన ప్రార్థనే తప్పని చెప్పాలి. ఆ రాత్రి మూడు రకాలుగా రాసుకున్నాను. మూడింటిలోనూ సిమెంటు కంపెనీలూ, రొయ్యల గుంటలూ, అప్పటి తాపీ పనివాళ్ళూ వచ్చారు. పొద్దున్నే ఆ కాగితాలు పొయ్యిలో పెట్టాను.

ఆ ఆదివారమే, ఆరాధన మధ్యలో పాస్టరు గారు పిలిస్తే వెళ్ళి, వేదిక మీద గోడ వైపు కాకుండా సంఘం వైపు తిరిగి నిలబడ్డాను.

"ప్రభువా, అడగకూడనిది అడిగాను. నాకు తెలియని పని గురించి నీ పేరు పెట్టి మాట్లాడాను. తెలిసినవాళ్ళను అడగలేదు. నన్ను క్షమించి, ఆ రోజు వీళ్ళు అన్న ఆమేన్ వీళ్ళకు తిరిగి ఇవ్వు."

ఆమేన్ అన్నారు, అందరూ కలిసి కాదు, ఒక్కొక్కరుగా, ఆలోచించుకున్నట్టు. వాటిలో పెద్దక్క గొంతు ఉందో లేదో నేను పోల్చుకోలేకపోయాను.

ఆరాధన అయ్యాక సమాజం కూర్చుంది. పెద్దక్క చెయ్యి ఎత్తింది. ఆమె వెనక మిగతా చేతులు లేచాయి, నాలుగు తప్ప. ఆ నలుగురిలో ఒకామె, దేవుడికిచ్చి మళ్ళీ గీకేచోట నేనుండను అని చెప్పి వెళ్ళిపోయింది. ఇప్పుడు కోటలో వేరే సంఘానికి వెళుతోంది. బజార్లో కనబడితే వందనాలు చెప్పుకుంటాం. ఆమె అన్నదాన్ని నేను తప్పు అనలేను.

ఈస్టర్ తరవాత సోమవారం సుత్తిపని మొదలైంది. నీలం రంగుతో, ఎర్ర అక్షరాలతో పెచ్చులు ఊడి వచ్చాయి. వాటిని ఎక్కడ పారేయాలని కూలీలు అడిగితే, సమాధి దొడ్డికి పోయే బాటలో గుంటలు పూడ్చమని పెద్దక్క చెప్పింది. అది ఊరి బయటే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. గోడ ఎండాలని మేస్త్రి వేసవంతా దాన్ని అలాగే వదిలేశాడు. తలుపులు బార్లా తీసి, ఆ పుచ్చు రాళ్ళకు ఎదురుగా కూర్చుని మూడు నెలలు ఆరాధించాం. చర్చి పక్కన గుంట తవ్వి, మాకు దగ్గరి ఉప్పునీటి సరస్సు ఒడ్డున నత్తగుల్లలు కాల్చి చేసిన సున్నం అందులో పోసి నీళ్ళు పెట్టారు. మొదటి రోజు కుతకుత ఉడికింది. తరవాత పెరుగులా అయి అణిగింది.

జూలైలో పాడైన రాళ్ళు తీసి వేరేవి పెట్టడం పూర్తయింది. పూత పనికి గుంటలున్న పెద్ద తన ట్రాక్టరు మీద ఇసక తెచ్చాడు, ఊరికే. నేనూ పెద్దక్కా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాం.

"అక్కా, ఈసారి తప్పేమన్నా కనబడితే చెప్తావా?" అన్నాను.

"అడిగితే చెప్తా."

"అడుగుతుండా."

ఆమె నా భుజం పట్టుకుని లేచింది. ట్రాక్టరు దగ్గరికి పోయి, చిటికెడు ఇసక తీసి నాలుక మీద వేసుకుని, పక్కకు ఉమ్మేసింది.

"ఉప్పు."

"సముద్రం పక్కన ఉప్పులేని ఇసక యాడ దొరుకుద్ది పెద్దక్కా?" అన్నాడాయన.

"దొరికినకాడికి పో."

ఆయన నా వైపు చూశాడు. నేను మేస్త్రిని పిలిచాను. అతనూ చిటికెడు నోట్లో వేసుకుని, తల అడ్డంగా ఊపాడు. ట్రాక్టరు ఇసకతోనే వెనక్కి తిరిగింది. మంచి ఇసక వచ్చేసరికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. అన్నాళ్ళూ సున్నం గుంటలో నీళ్ళ కిందే ఉంది. ఉంటే దానికి మంచిదే అన్నాడు మేస్త్రి.